ముప్పై రెండు లారీల మేస్త్రీ

గోడౌన్లో అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. లారీలకు సరుకెక్కించే పనిలో ముప్పై ఏళ్లు గడిచాయి. మొదటి పదేళ్లు వీపు మీద మోశాడు. తర్వాతి ఇరవై ఏళ్లు నలుగురి చేత మోయిస్తూ, తాళ్లు మాత్రం తన చేత్తోనే బిగిస్తూ వచ్చాడు. ఎండకీ వానకీ పెద్దవాళ్ల కసుర్లకీ అలవాటు పడ్డాడు గానీ, ఒక్క మాటకి మాత్రం ఈనాటికీ అలవాటు పడలేదు. ఆ మాట "లోడింగ్ లూజు".

సరుకు దిగే చోట ఏదో ఒకటి పగిలి కనబడిందనుకోండి. రసీదు మీద 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని డ్రైవరు నింపాలి. ఏ డ్రైవరైనా ఆ గడిలో "నేను గుంతలో దించాను" అని రాసుకుంటాడా? "లోడింగ్ లూజు" అని రెండు ముక్కలు గీకి టీ తాగడానికి పోతాడు. లారీ కదిలాక వెనకాల ఉండిపోయేవాడు లోడింగు మనిషి. దారిలో ఏం జరిగిందో వాడు చూడలేదు, చెప్పలేడు. పైవాళ్లు చీవాట్లు పెడితే తల వంచుకోవాలి, జీతంలో కోస్తే నోరు మూసుకోవాలి. మేస్త్రీ తల వంచాడు గానీ నోరు మూసుకోలేదు. దాంతో ఆయనకు కోపిష్టి అని పేరొచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లను ఒక్క పూట ఆయన చోట నిలబెట్టాల్సింది.

అలాంటి మనిషికి లారీల కంపెనీ ఎలా వచ్చిందంటే, నడుం విరగబట్టి వచ్చింది. రెండేళ్ల కిందట లోడింగు దిమ్మ మీంచి జారిపడి నాలుగు నెలలు ఇంట్లో ఉండిపోయాడు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే విసుగు, విసుగు పుడితే ఇంటావిడ మీద అరుపులు. ఆవిడా ఊరుకునే రకం కాదు. ఆ ఇద్దరి మధ్యా నలిగిపోయి చిన్నమ్మాయి ఒక ఉపాయం చేసింది. ఆమె కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని చేస్తుంది. మూల పడున్న విడిభాగాలు ఏరుకొచ్చి ఒక కంప్యూటరు బిగించి, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రాకుండా పోయిన ఆట స్టీరింగు ఒకటి భోజనాల బల్లకు తగిలించి, లారీలు నడిపే ఆట పెట్టింది.

"ఇక దీంతో కొట్లాడుకో నాన్నా. అమ్మని వదిలెయ్" అంది.

ముప్పై ఏళ్లు లారీల పక్కనే బతికిన మనిషి ఏనాడూ లారీ నడపలేదు. ఊరి చివర దాటేలోపే మూడు స్తంభాలు కూలగొట్టాడు. ఆటలో ఎవరైనా ముందు కూలి డ్రైవరుగానే మొదలవ్వాలి. ఎవరి లారీయో నడిపి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, బ్యాంకులో అప్పు తీసుకుని, సొంత లారీ కొనుక్కోవాలి. ఇదంతా చిన్నమ్మాయి చెబుతుంటే మేస్త్రీ సగం సగం విన్నాడు. ఆయన్ని పట్టేసింది వేరే ఉంది. మొదటి లోడు దించగానే తెర మీద ఒక లెక్క వచ్చింది. దూరం ఇంత, కిరాయి ఇంత, సరుకు నష్టం నూటికి ఇంత. ఆ నష్టం నడిపినవాడి కిరాయిలోంచి కోసేశారు. లోడింగువాడి పేరు ఎక్కడా లేదు. ఎంత వెతికినా 'కారణం' అనే గడే లేదు.

మేస్త్రీ ఇంటావిడని కేకేసి పిలిచి చూపించాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి, అయితే ఏంటంది. అయితే ఏంటో ఆయన గంటసేపు చెప్పాడు. ఆవిడ మధ్యలోనే లేచి వెళ్లిపోయినా చెబుతూనే ఉన్నాడు.

మొదటి కంపెనీ మూడు నెలల్లో మునిగింది. లోడ్ల జాబితాలో కొన్నింటి పక్కన ఎర్రగా 'అర్జెంటు' అని ఉంటుంది. వాటికి కిరాయి ఒకటిన్నర రెట్లు. ఎవరికైనా ఆశ పుడుతుంది, మేస్త్రీకీ పుట్టింది. వరసబెట్టి అర్జెంటులే ఎత్తాడు. టైము చాలక తొక్కాడు. తొక్కితే రోడ్డు మీది కెమెరాలకు దొరికి జరిమానా. ఆ జరిమానా మీద కోపంతో ఇంకా తొక్కితే మలుపులో బోల్తా. నిద్రపోకుండా నడిపితే తెర దానంతటదే నల్లబడేది. ఒక చేత్తో వచ్చింది రెండు చేతులా పోయి, చివరికి డీజిలుకి కూడా డబ్బు మిగల్లేదు. నాలుగు రోజులు స్టీరింగు జోలికి పోలేదు. భోజనం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. ఉత్తుత్తి కంపెనీ మునిగితే ఈ మూతి ముడుపేంటని ఇంటావిడ నవ్వితే, కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఐదో రోజు కొత్తగా మొదలుపెట్టాడు. ఈసారి జాబితాలో ముందు చూసింది కిరాయి కాదు. దూరం ఎంత, దానికిచ్చిన టైము ఎంత, ఈ రెండూ చూశాడు. దూరానికి తగ్గ టైము లేని లోడు ఎంత కిరాయిచ్చినా ముట్టుకోలేదు. అందరూ భయపడే అద్దాలు, ఆసుపత్రి యంత్రాలు, పగిలే సరుకు ఏరి మరీ ఎత్తాడు. ఒక్క గీత పడకుండా దించితే వాటికి వచ్చే కిరాయి మామూలు సరుకుకి రాదు. దించిన ఊళ్లోనే తిరుగు లోడు దొరికిందాకా కదిలేవాడు కాదు, ఖాళీ లారీకి డీజిలు పొయ్యడం ఆయనకు నచ్చదు. ఒక లారీ రెండైంది. రెండోదానికి డ్రైవర్ని పెట్టుకుని, వాడికి అన్నిటికన్నా ముందు పగిలే సరుకు మొయ్యడమే నేర్పించాడు. ఆ తర్వాత పెట్టుకున్న ప్రతివాడికీ అదే నేర్పించాడు. నడుం బాగుపడి పనికి వెళ్లడం మొదలుపెట్టాక కూడా సాయంత్రాలూ సెలవులూ కంపెనీ మీదే గడిపాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ముప్పై రెండు లారీలు, ఏడు ఊళ్లలో షెడ్లు, అప్పు సున్నా.

బయల్దేరే ముందు ఆయన కెమెరాని బయటికి తిప్పి లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవాడు. తాళ్లు చూడ్డానికట. ఆటలో తాళ్లు వదులయ్యేవి కావు నాన్నా అని చిన్నమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఇక అసలు సంగతి. పెద్దమ్మాయి భర్త మేస్త్రీ పనిచేసే కంపెనీలోనే డ్రైవరు. ఆ సంబంధం చూసింది కూడా మేస్త్రీయే. లారీని వెనక్కి తీసుకొచ్చి దిమ్మకు ఆనించేటప్పుడు బ్రేకు ఎంత మెత్తగా తొక్కుతాడో చూసి, మనిషీ మెత్తనివాడే అయ్యుంటాడని పిల్లనిచ్చాడు. అంచనా తప్పలేదు. అల్లుడు నెమ్మదస్తుడు, ఇంట్లో గొంతెత్తడు.

ఒక గురువారం ఆ అల్లుడి లారీకి నలభై షాపు అద్దాలు ఎక్కించారు. చెక్క ఫ్రేముల్లో నిలబెట్టి, మధ్యలో దూది పట్టీలు కుక్కి, మేస్త్రీ తన చేత్తో పదహారు తాళ్లు బిగించాడు. నాలుగువందల ఎనభై కిలోమీటర్ల అవతల దించేసరికి పదకొండు అద్దాలు పగిలి ఉన్నాయి. రసీదు మీద 'కారణం' గడిలో అల్లుడి చేతిరాత: లోడింగ్ లూజు.

శనివారం మేనేజరు పిలిచి చెప్పాడు. అద్దాలవాళ్లు నష్టం కట్టమంటున్నారు, ఇన్సూరెన్సు మనిషి మంగళవారం వస్తాడు, లోడింగు లోపమని మేస్త్రీ సంతకం పెడితే ఆయన కింద లోడెక్కించే నలుగుర్నీ తీసేసి కొత్తవాళ్లను పెట్టుకుంటాడు. మేస్త్రీకి ఇంకా పదకొండు నెలల సర్వీసే ఉంది కాబట్టి ఆయన్ని మాత్రం కదపడట. ఆ చివరి మాట వినేసరికి మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. నలుగురిలో బక్కోడు అనేవాడు పన్నెండేళ్లుగా తన పక్కన పట్టీలు కుక్కుతున్నాడు. వాణ్ని బయటికి తోసి, తను పదకొండు నెలలు ఆ దిమ్మ మీదే నిలబడి జీతం తీసుకోవాలన్నమాట.

ఆదివారం పెద్దమ్మాయీ అల్లుడూ వచ్చారు. పెద్దమ్మాయి వస్తూనే మొదలుపెట్టింది. తప్పు డ్రైవరుదైతే ఈయన ఉద్యోగం పోతుంది, నువ్వు ఎలాగూ దిగిపోయేవాడివి, ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని. ఇంటావిడ కూతురి పక్షం. చిన్నమ్మాయి ఎటూ కాదు.  మేస్త్రీ అల్లుడి వైపే తిరిగాడు.

"ఆ మాట ఎలా రాశారు అల్లుడుగారూ?" అన్నాడు.

అల్లుడు తల గోక్కున్నాడు. "ఎప్పుడూ రాసేదే రాశాను మామయ్యా. మీ లోడని ఆ టైములో గుర్తు రాలేదు."

కావాలని రాసినా మేస్త్రీకి అంత మండేది కాదు. పగబట్టి రాస్తే మనిషిగా లెక్కేసినట్టు. ఇది గుర్తే లేకుండా రాయడం. ముప్పై ఏళ్లుగా ఎందరు డ్రైవర్లు తన పేరు గుర్తుకు రాకుండా, తన చేతులు గుర్తుకు రాకుండా ఆ రెండు ముక్కలు గీకిపోయారో! అల్లుణ్ణి నోరారా తిట్టనైనా తిట్టలేడు, కూతురు పక్కనే ఉంది. చెయ్యి పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి లాక్కెళ్లి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. నా కంపెనీలో ఒక్క లోడు దించి చూపించండి, అద్దాల లోడు, నచ్చింది ఎంచుకోండి అన్నాడు.

అల్లుడికి ఇది చిన్నతనంగా అనిపించింది గానీ మామగారి మొహం చూసి స్టీరింగు పట్టుకున్నాడు. జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎర్ర అక్షరాల 'అర్జెంటు' మీద నొక్కాడు. బాగా నడిపాడు, ఆ మాట చెప్పుకోవాలి. గేర్లు వెన్నలా పడ్డాయి. ఒక్కరికీ తగల్లేదు, ఒక్క స్తంభమూ కూలలేదు. కానీ వంతెన దగ్గరా, మలుపుల్లోనూ స్పీడు ముల్లు వంద దిగలేదు. దించాక తెర మీద లెక్క వచ్చింది. సరుకు నష్టం నూటికి పన్నెండు.

"ఇక్కడ ఎవరి లోడింగ్ లూజు?" అని మేస్త్రీ అరిచాడు. "ఇక్కడ నా తాళ్లు లేవు, బక్కోడి పట్టీలు లేవు. ఎవరి మీద రాస్తారో రాయండి."

అల్లుడి మొహం ఎర్రబడింది. "టైము అంతే ఉంది కదా మామయ్యా. నేనేం చెయ్యను? అక్కడా అంతే. చీటీ మీద ఆరు గంటలంటే ఆరు గంటల్లో పోవాలి."

మేస్త్రీ ఇంకో అరుపుకి నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. ఏ చీటీ అని మెల్లగా అడిగాడు. మీరు సంతకం పెట్టేదే, లోడు చీటీ అన్నాడు అల్లుడు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. లోడు చీటీ మీద వరసగా గళ్లుంటాయి. సరుకు, ఎన్ని పార్సిళ్లు, బరువు, లారీ నంబరు, చివర 'చేరవలసిన గడువు'. మేస్త్రీ రోజుకు పది చీటీల మీద సంతకం పెడతాడు. బరువు చూస్తాడు, పార్సిళ్లు లెక్కపెడతాడు. ఆ చివరి గడి తన పని కాదు, అది డ్రైవరు పని. అందుకని ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా దాన్ని చదవలేదు. ఆటలో మాత్రం అదే గడి చూడకుండా ఒక్క లోడు ఎత్తేవాడు కాదు. ఈ సంగతి తట్టేసరికి ఆయనకు తన మీద తనకే అసహ్యమేసింది.

సోమవారం పొద్దున్నే దిమ్మ పక్కనున్న బల్ల సొరుగు లాగి చీటీల నకళ్లూ, వాటికి గుచ్చిన రసీదులూ అన్నీ బయటికి తీశాడు. బక్కోడు పక్కన కూర్చుని అద్దాల లోడ్లు ఏరిపెట్టాడు. ఏడాదిలో ఇరవై మూడు. మొదటి పద్నాలుగు చీటీల మీద తొమ్మిది గంటలని ఉంది. ఆ పద్నాలుగింటిలో ఒక్క అద్దం పగల్లేదు. ఈ మేనేజరు వచ్చాక, గడిచిన ఏడు నెలల్లో వెళ్లిన తొమ్మిదింటి మీద ఆరు గంటలని ఉంది. ఆ తొమ్మిదింటిలో ఏడు పగిలాయి. ఏడింటికీ కారణం లోడింగ్ లూజు. ఆరు గంటల్లో అందిస్తామని చెప్పి అద్దాలవాళ్ల దగ్గర మేనేజరు ఎక్కువ కిరాయి తీసుకుంటున్నాడని గుమాస్తా చెప్పాడు. అది వినగానే మేస్త్రీ పక్కనున్న ఖాళీ డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. ఇన్నేళ్లూ డ్రైవర్లను తిట్టాడు, డ్రైవర్లు తన తాళ్లను తిట్టారు. వీళ్లిద్దరూ ఒకళ్ల జుట్టు ఒకళ్లు పట్టుకుని ఉంటే గడువు రాసినవాడు హాయిగా ఏసీ గదిలో కూర్చున్నాడు.

మంగళవారం మేనేజరు గదిలో నలుగురే ఉన్నారు. మేనేజరు, ఇన్సూరెన్సాయన, మేస్త్రీ, అల్లుడు. నంబరు వేసిన అచ్చు కాగితం ఒకటి బల్ల మీద తయారుగా ఉంది. లోడింగు లోపమని ముందే కొట్టించి పెట్టారు. కింద సంతకానికి జాగా.

మేస్త్రీ కూర్చోలేదు. ఇరవై మూడు చీటీలూ బల్ల మీద రెండు వరసలుగా పేర్చాడు. ఇన్సూరెన్సాయన కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటే చూశాడు. మేనేజరు నవ్వి, ఈయన ఇంట్లో కంప్యూటర్లో లారీలు నడుపుతారులెండి, అందుకే ఈ లెక్కలన్నాడు. ఇన్సూరెన్సాయన నవ్వలేదు. అల్లుడి వైపు తిరిగాడు.

"అద్దాల లోడుతో ఈ దూరం ఆరు గంటల్లో వెళ్లడం కుదురుతుందా?"

కుదరదు అని ఒక్క మాట అంటే చాలు. మేస్త్రీ గుప్పిళ్లు బిగించి అల్లుడి నోటి వైపే చూస్తున్నాడు. మేనేజరు కలంతో బల్ల మీద టకటక కొడుతున్నాడు. అల్లుడు నిటారుగా నిలబడ్డాడు. పనొచ్చిన డ్రైవర్ని పట్టుకుని నీ వల్ల అవుతుందా అని అడిగితే ఏమంటాడో అదే అన్నాడు.

"కుదరకపోవడమేంటి సార్. నేను అయిదున్నరలో కూడా వెళ్లాను."

ఇన్సూరెన్సాయన తలూపి, 'లోడింగు లోపం' కొట్టేసి, పైన 'డ్రైవరు మితిమీరిన వేగం' అని రాశాడు. అల్లుడి మొహం పాలిపోయింది. మేనేజరు కలం కిందపెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరి మీద రాసినా ఆయనకు ఒకటే. కాగితం మేస్త్రీ ముందుకు వచ్చింది. అందులో ఉన్నది లోడింగు వైపు నుంచి నిజమేనని సంతకం చేస్తే చాలు. బక్కోడూ మిగతా ముగ్గురూ బయటపడతారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి తప్పు తాళ్లది కాదని కాగితం మీద ఎక్కింది. మేస్త్రీ దానికి సంతోషించాలి. ఆయన మాత్రం కాగితంలోని గళ్లన్నీ పైనుంచి కిందికి వెతికాడు.

"గడువు ఎవరిచ్చారన్నది ఎక్కడ రాస్తారు?" అని అడిగాడు.

"దానికి గడి లేదండి" అన్నాడు ఇన్సూరెన్సాయన.

మేస్త్రీ కలం అందుకున్నాడు. సంతకం జాగాలో కాదు, కాగితం అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి, బస్తాల మీద ఊరి పేరు రాసేటంత పెద్ద అక్షరాలతో రాశాడు. తొమ్మిది గంటల దారికి ఆరు గంటలు రాసింది మేనేజరు, ఆ చీటీల మీద చదవకుండా సంతకం పెట్టింది నేను. కింద తన పూర్తి పేరు రాశాడు. మేనేజరు లేచి కాగితం లాక్కోబోతే ఇన్సూరెన్సాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నంబరున్న కాగితం, చింపడానికి వీల్లేదన్నాడు. మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. మేస్త్రీ తలుపు ధడేలున వేసి బయటికొచ్చాడు.

ఇన్సూరెన్సువాళ్లు నష్టం కట్టేది లేదని చెప్పేశారు. ఆరు గంటల గడువుతో వెళ్లే అద్దాలకు ఇకమీదట కూడా కట్టేది లేదన్నారు. దాంతో చీటీల మీద మళ్లీ తొమ్మిది గంటలు పడ్డాయి, అదీ అదే మేనేజరు చేతిరాతతో. ఆయన కుర్చీ కదల్లేదు. డ్రైవర్ల కొరత కాబట్టి అల్లుణ్ణీ ఉంచారు. బక్కోడికి మేస్త్రీ పని ఇచ్చారు. మేస్త్రీని మాత్రం నడుం నొప్పి వంకతో పదకొండు నెలల ముందే ఇంటికి పంపారు. పెద్దమ్మాయి నెలరోజులు తండ్రితో మాట్లాడలేదు. తన మొగుడి వేగం సంగతి ఆ కాగితం మీద ఇంకా ఉందని ఆమె బాధ. ఆయన బతిమాలలేదు. భోజనాల బల్ల ముందు కూర్చుని, పళ్లు కొరుకుతూ ముప్పై మూడో లారీ కొన్నాడు.

ఒక మధ్యాహ్నం అల్లుడు ఫోన్ చేశాడు. తొమ్మిది గంటల చీటీతో అద్దాల లోడు, మొదటిసారి. గొంతులో హుషారుంది.

"మామయ్యా, పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాను. సగం దూరం వచ్చేశాను."

మేస్త్రీ గోడ గడియారం చూశాడు. పన్నెండైంది. రెండువందల నలభై కిలోమీటర్లు, మూడు గంటలు. ఆయన గొంతు లేచిపోయింది.

"ఎవరు తరుముతున్నారయ్యా మిమ్మల్ని?"

 "ఎవరూ లేరు మామయ్యా" అన్నాడు అల్లుడు. "కాలు దానంతటదే తొక్కేస్తోంది. నేను చూసుకోనేలేదు."

బండి పక్కకి తీయండి, ఇప్పుడే, నేను వింటుండగానే అన్నాడు మేస్త్రీ. గాలి బ్రేకు బుస్సుమన్న చప్పుడు వినబడేదాకా ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. గంటసేపు పడుకుని లేవండి, లేచాక మళ్లీ నాకు చేసి గానీ కదలొద్దని చెప్పి పెట్టేశాడు.  అరుపు విని వంటింట్లోంచి వచ్చిన ఇంటావిడ ఏమైందని అడిగింది.

"మీ అల్లుడు ఇంకా ఆరు గంటల్లోనే ఉన్నాడే" అన్నాడు మేస్త్రీ.